చలమయ్య గుండె మీద ఓటింగు

న్యూజిలాండ్ నుంచి తిరిగొచ్చి నెల కాలేదు. మా పేటలో నా యాత్ర అప్పుడే మూడు రకాలుగా ప్రచారంలో ఉంది. ఒక రకంలో నేను అక్కడి పార్లమెంటులో లేచి మాట్లాడాను. రెండో రకంలో విమానం ఊగిపోతుంటే పైలట్ నా సలహా అడిగాడు. మూడో దాంట్లో ఒక పెద్దమనిషి గుండె ఆపరేషన్ ముందు జరిగిన గొడవ నా ఒక్క ఓటుతో తేలింది. మొదటి రెండూ నేను పుట్టించినవే, ఒప్పుకుంటాను. మూడోది ముప్పాతిక వంతు నిజం. మిగిలిన పాతికనీ ఇక్కడ సరిచేస్తాను.

ముందు నా సంగతి. ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. గుడివాడ, బంటుమిల్లి మధ్య నేను తిరిగిన దూరం లెక్కేస్తే భూమిని పదిసార్లు చుట్టొచ్చు గానీ, చూసిన ఊళ్లు మాత్రం పద్నాలుగు. ఇక ఈ వయసులో సముద్రాలు దాటడానికి కారణం కామ్రేడ్ చలమయ్య. మా తాలూకాలో ఎర్రజెండా అంటే ఆయనే. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. భార్య పోయాక, నర్సు ఉద్యోగం చేసే కూతురు విమల ఆయన్ని ఆక్లాండ్ తీసుకెళ్లి పన్నెండేళ్లయింది. "నాన్నకి ఆపరేషన్ ఉంది. పాత రోజులు మాట్లాడుకోడానికి మనిషి కావాలంటున్నాడు, రండి బాబాయ్" అని విమల టికెట్ పంపింది. మా పేటలో మాత్రం "విదేశీ ప్రతినిధిగా ఆహ్వానం వచ్చింది" అని చెప్పి బయల్దేరాను.

విమానాశ్రయంలో వెదురు కర్ర

దిగగానే ఆరుగురు అధికారులు నన్ను చుట్టుముట్టారు. నా సంచిలోంచి ఒక ఎర్రజెండా, దాని మూడడుగుల వెదురు కర్ర బల్ల మీదికి వచ్చాయి. చలమయ్యన్నకి కానుకగా మా పాత ఆఫీసు నుంచి తెచ్చినవి అవి. నేను గుండె నిబ్బరం చేసుకుని, దేనికైనా సిద్ధమే అన్నట్టు నిలబడ్డాను.

ఆరుగురు కాదు, ఒక్క అమ్మాయే. చుట్టుముట్టలేదు కూడా. "కూర్చోండి సర్" అని కుర్చీ వేసింది. జెండా విప్పి చూసి చక్కగా మడతపెట్టి ఇచ్చేసింది. కర్రని మాత్రం భూతద్దం కింద పెట్టి, కంసాలి నగ చూసినట్టు చూసి, రెండు చిన్న రంధ్రాలు కనిపెట్టింది. పురుగు ఉండొచ్చట. జెండా వెళ్లొచ్చు, కర్ర వెళ్లకూడదు. ఆ దేశపు చట్టం నాకు అక్కడే అర్థమైపోయింది: రాజకీయం లోపలికి రావచ్చు, పురుగు రాకూడదు. తర్వాత నా చెప్పులు తిరగేసి, అడుగున అంటిన మా ఊరి మట్టి చూసి, లోపలికి తీసుకెళ్లి కడిగి తుడిచి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. నా పెళ్లిలో బావమరిది కూడా నాకంత మర్యాద చెయ్యలేదు.

బయట విమల డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉంది. జూన్ నెలలో అక్కడ చలికాలం. కారెక్కాక హీటరు వేసి, అసలు సంగతి చెప్పింది.

"గుండెలో కవాటం మూసుకుపోతోంది బాబాయ్. వచ్చే వారం కాదు, ఆ పై మంగళవారం ఆపరేషన్. బాగానే అవుతుందంటున్నారు డాక్టర్లు. నేనూ రోజూ వేరేవాళ్ల నాన్నలకి అదే చెప్తుంటా."

సిగ్నల్ దగ్గర కారు ఆపింది. మళ్లీ తనే అంది.

"నాకొక్కటే కోరిక. లోపలికి తీసుకెళ్లేముందు నాన్న తల మీద చెయ్యేసి ప్రార్థన చెయ్యాలి. నేను బాప్తిస్మం తీసుకుని ఇరవై రెండేళ్లయింది. ఇంతవరకూ ఆయన ముందు కళ్లు మూసుకున్నదాన్ని కాదు."

"అడిగావా అమ్మా?"

"అడిగితే కాదంటాడు. ఒకసారి కాదన్నాక ఇంకేం మిగులుతుంది?"

"నేనున్నాగా," అన్నాను. "నా మాట అన్న ఎప్పుడూ తీసెయ్యలేదు."

యాభై ఏళ్లలో ఆయన నా మాట ఒక్కటీ విన్న దాఖలా లేదు. కానీ కారు కిటికీ బయట అంత పచ్చగా ఉంటే మనిషికి మాట జారుతుంది.

న్యూ లిన్: ఎవరి దేవుడికీ చుట్టం కాని మనిషి

న్యూ లిన్‌లో అంటే ఆక్లాండ్‌లో విమల ఉండే పేటలో, రైళ్లు ఊరికంటే కిందుగా, కందకంలో పోతాయి. పైన అపార్టుమెంట్లు, చైనావాళ్ల కూరగాయల కొట్లు. గుప్పెడు కరివేపాకు నాలుగు డాలర్లు చూసి, ఇంటి పెరట్లో ఉన్న నా చెట్టుని తలచుకుని కోటీశ్వరుణ్నయ్యాను. బస్సు దిగేటప్పుడు అక్కడ ప్రతివాడూ డ్రైవరుకి "థాంక్యూ" చెబుతాడు. బడిపిల్లలూ చెబుతారు, చెప్పుల్లేకుండా తిరిగే తెల్లవాళ్లూ చెబుతారు. ముప్ఫై రెండేళ్లలో నాకు చిల్లర గురించి తిట్లు తప్ప ఏమీ దక్కలేదు. అందుకని మొదటి రెండు రోజులు పనిలేకపోయినా బస్సెక్కి దిగి, వెనక నిలబడి ఆ మాట వింటూ ఉన్నాను.

విమల ఇంట్లో చలమయ్యన్న గది గోడ మీద ముగ్గురు గడ్డాల పెద్దలు, హాల్లో మరో గడ్డం ఆయన. ఇంట్లో రోజూ గడ్డం గీసుకునేది అల్లుడు ఒక్కడే. భోజనానికి కూతురూ అల్లుడూ ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. అది అయ్యాక విమల "నాన్నా" అని పిలుస్తుంది. ఆయన సరిగ్గా అప్పుడే గదిలోంచి వస్తాడు. పన్నెండేళ్లుగా ఈ టైమింగు ఒక్కరోజూ తప్పలేదట. మా డిపోలో ఏ బస్సూ అంత సమయపాలన చెయ్యలేదు.

మొదటి శనివారం పొద్దున అన్న నన్ను తెలుగు పెద్దల సంఘం సమావేశానికి తీసుకెళ్లాడు. పదిహేను మంది. సగం మంది క్రైస్తవులు, సగం మంది హిందువులు, అధ్యక్షుడు చలమయ్యన్న. ఆయన అధ్యక్షుడెలా అయ్యాడో పక్క కుర్చీలో ఉన్న రూతమ్మగారు చెప్పింది. ఆమెది తెనాలి. వృద్ధాశ్రమంలో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. ఇప్పుడు సంఘానికి ఉపాధ్యక్షురాలు.

"మొదటి మీటింగే రసాభాస అయిందండీ. ముందు దీపం వెలిగించాలని వాళ్లు, ముందు ప్రార్థన చెయ్యాలని మేము. గంటసేపు నిలబడే పోట్లాడుకున్నాం. ఈయన వెనక కూర్చుని వేరుశెనగకాయలు ఒలుచుకుంటున్నాడు. ఎవరి దేవుడికీ చుట్టం కాడు గదా అని ఇద్దరం కలిసి ఆయన్నే కూర్చోబెట్టాం."

కూర్చోగానే ఆయన నియమావళి రాశాడు. నాలుగో నియమం: సమావేశంలో ఏ ప్రార్థనా ఉండదు. టీ దగ్గర ఎవరి ఇష్టం వారిది. మిగతాదంతా పార్టీ పద్ధతే. ఎజెండా, నివేదిక, చర్చ, తీర్మానం, చివర ఆత్మవిమర్శ. ఆ ఆత్మవిమర్శ వినడానికైనా న్యూజిలాండ్ వెళ్లాలి. ఒకావిడ లేచి, రిమోటు వాడటం వచ్చినా రాదని చెప్పి మనవళ్లని పక్కన కూర్చోబెట్టుకుంటున్నానంది. యాదగిరి అని నల్గొండ ఆయన, వికలాంగుల చోట్లో కారు పెట్టి కావాలని కుంటుకుంటూ నడిచానన్నాడు. అందరూ గంభీరంగా తలలూపారు. చలమయ్యన్న మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు.

నన్ను పరిచయం చేసుకోమన్నారు. ఇక చూసుకోండి. "అన్నా నేనూ పదకొండు నెలలు రాజమండ్రి జైల్లో ఒకే గదిలో ఉన్నాం" అన్నాను. జైలు సాంబారులో తేలే పురుగులూ, మేం చేసిన నిరాహారదీక్షా, వార్డరుకి మేం నేర్పిన పాటలూ వర్ణించాను. రూతమ్మగారు కళ్లు ఒత్తుకుంది. యాదగిరి లేచి, నియమావళిలో పదకొండో నియమం ప్రకారం, ప్రజా ఉద్యమంలో జైలుకెళ్లిన అతిథికి ఓటు హక్కు ఇవ్వాలన్నాడు. అన్న ఎప్పుడో ముచ్చటపడి రాసుకున్న నియమం అది. అంతవరకూ ఎవరికీ పనికిరాలేదు. చలమయ్యన్న కళ్లజోడు మీదుగా నావంక చూశాడు. నా పేరు రాసుకున్నాడు.

అప్పుడు రూతమ్మగారు తీర్మానం చదివింది: అధ్యక్షుల వారి ఆపరేషన్ క్షేమంగా జరగాలని, ఆపరేషన్ ముందటి శనివారం సమావేశంలో, నాలుగో నియమాన్ని ఆ ఒక్కరోజుకీ పక్కన పెట్టి, ఎవరి పద్ధతిలో వారు పది నిమిషాలు ప్రార్థించాలి. బలపరిచింది యాదగిరి. అంటే, దీపం వర్గం.

"నాలుగేళ్లుగా మీ ఇద్దర్నీ కలపలేకపోయాను," అన్నాడు చలమయ్యన్న. "నా గుండె చెడిపోతే గానీ ఐక్యత రాలేదు. సరే, వచ్చే శనివారం ఓటింగు."

ఇంటికి నడుస్తుంటే నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్ సాంబయ్యా, నీ చెయ్యి లేవకూడదు. ఎనభై నాలుగేళ్లు ఎవరి సిఫార్సూ లేకుండా బతికాను. ఇప్పుడు కత్తి కిందికి పోతూ పైకి అర్జీ పెట్టించుకోనా?"

"నా ప్రాణం పోయినా లేవదన్నా," అన్నాను.

ఈ విధంగా ఒక్క ఓటుని కారులో కూతురికీ, రోడ్డు మీద తండ్రికీ ఇచ్చినవాణ్ని ఆ దేశంలో బహుశా నేనొక్కణ్నే.

ఫ్లాట్ బుష్: భక్తుల లెక్క

ఆదివారం యాదగిరి భోజనానికి పిలిచాడు. ఆయన ఉండే ఫ్లాట్ బుష్ కొత్త ఇళ్ల పేట. ఒక్కో ఇంటికీ రెండేసి కార్లు, ఒక్కో కారుకీ ఒక గది. వీధిలో నడిచే మనిషి కనపడలేదు. కాళ్లన్నీ ఇళ్లలో దాచుకున్నట్టున్నారు. యాదగిరికి దగ్గర్లో చిన్న కిరాణా కొట్టుంది. అక్కడ దాన్ని డెయిరీ అంటారు. పాల నుంచి పిల్లల చాక్లెట్ల దాకా అన్నీ ఉంటాయి. ఇప్పుడు కొట్టు కోడలు చూసుకుంటోంది, ఈయన రాజకీయాలు చూసుకుంటున్నాడు.

బగారా అన్నం, మటన్ వడ్డించారు. ఆ దేశపు గొర్రె మాంసం వెన్నలా ఉంటుంది. మర్యాదకి నాలుగు ముక్కలే తిన్నానని ఇంటికొచ్చి చెప్పాను. విమల నమ్మింది. పంతొమ్మిది.

"సూడు సారూ, లెక్క గిట్లుంది," అన్నాడు యాదగిరి, ఎముక పక్కన పెట్టి. "పెద్దసారు ఓటెయ్యడు, కుర్సీల ఉంటడు. మిగిలింది పద్నాలుగు. ఏడుగురు మన దిక్కు. ఏడుగురు వద్దంటున్రు."

"వద్దనేవాళ్లు నాస్తికులా?"

"ఎక్కడి నాస్తికులు! అందరూ పరమ భక్తులే. మా దిక్కోళ్లు ముగ్గురు, యేసు ప్రార్థన అయితుంటే మేము కూసోము అంటరు. వాళ్ల దిక్కోళ్లు నలుగురు, హనుమాన్ చాలీసా మా చెవుల పడొద్దు అంటరు. గందుకే పెద్దసారు కూలగొట్టాలె అంటె ఒక్క తీరుగ కూలగొడ్తరు."

చలమయ్యన్న నాస్తికత్వానికి కాపలా కాస్తున్న ఏడుగురూ రోజుకి మూడుసార్లు దేవుణ్ని తలిచేవాళ్లే అన్నమాట.

"అంటే మిగిలింది..."

"నువ్వే సారూ. జైలు ఓటు." ఇంకో ముక్క వేశాడు. ఇరవయ్యో ముక్క. అది లెక్కలో చెప్పలేదు, ఎందుకంటే అది లంచం.

వెల్లింగ్టన్: గాలి, స్పీకరు

ఆ బుధవారం చలమయ్యన్నకి ఒక ఆలోచన వచ్చింది. "రాజధానికెళ్లి పార్లమెంటు చూద్దాం రా. ఒక దేశమే దేవుడి పేరెత్తకుండా సభ నడుపుకుంటుంటే, పదిహేను మంది ముసలాళ్లకి ఎందుకు? చూసొచ్చి శనివారం చెప్పు." డాక్టరు విమానం ఎక్కొచ్చన్నాడు. వెల్లింగ్టన్‌లో మనవరాలు గ్రేస్ ఉంది, ఏదో ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ కాంట్రాక్టు. ఆమెకి తాత పెట్టిన పేరు క్రాంతి, తండ్రి పెట్టిన పేరు గ్రేస్. ఆఫీసులో గ్రేస్, తాత ఫోనులో క్రాంతి.

వెల్లింగ్టన్ గాలి గురించి విన్నది తక్కువే. దిగేటప్పుడు విమానం మా బంటుమిల్లి రోడ్డు మీద బస్సులా ఊగింది. నేను చెక్కుచెదరలేదు. అంటే, సీటు చేతుల్ని వదల్లేదు. నోట్లో వెంకటేశ్వరస్వామి, మేరీమాత, మా వీధి చివరి దర్గా బాబా ముగ్గురూ వరసగా వచ్చారు. పక్కన చలమయ్యన్న గురక పెడుతున్నాడు.

ఊరంతా కొండలే. ప్రతి పది అడుగులకీ అన్న ఆగి, ఎదురుగా ఏది ఉంటే దాన్ని శ్రద్ధగా చూసేవాడు. చెప్పుల కొట్టు, క్షవరశాల, ఒకచోట ఖాళీ గోడ.

"తాతా, గోడలో ఏముంది?" అంది గ్రేస్.

"నిర్మాణం చూస్తున్నా."

"బ్రెత్ అందట్లేదు కదా. ప్లీజ్, స్లోగా వెళ్దాం." ఆ పిల్ల ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఆయన నిర్మాణ పరిశీలన మానేశాడు.

పార్లమెంటు పక్కన మంత్రుల ఆఫీసులు తేనెపట్టు ఆకారంలో ఉన్నాయి. సంచులు చూసి, చిరునవ్వుతో, ఉచితంగా లోపలికి పంపారు. మన దగ్గర ఎమ్మెల్యే ఇంటి గేటు దాటడం ఇంతకంటే కష్టం. పై గ్యాలరీలో కూర్చున్నాం. రెండు గంటలకి స్పీకరు వచ్చాడు. అందరూ లేచారు. మేమూ సభా మర్యాద అని లేచాం. ఆయన తలవంచి ఏదో చదవడం మొదలెట్టాడు.

"ఏం చదువుతున్నాడే?" అన్నాడు అన్న గుసగుసగా.

గ్రేస్ పెదవి కొరుక్కుంది. "ప్రేయర్, తాతా."

నేను పక్కకి తిరిగి దగ్గాను. దగ్గు నిజంది కాదు.

"ఏమంటున్నాడు?"

"గాడ్‌కి థాంక్స్ చెప్తున్నారు. తర్వాత... సొంత ఇంట్రెస్ట్స్ పక్కన పెట్టి పనిచెయ్యాలి, అని."

అన్న కళ్లు తెరిచే సభంతా కలియజూశాడు. కూర్చున్నాక నా చెవిలో అన్నాడు: "సగం మంది కాగితాలు చూసుకుంటున్నారు. పార్లమెంటు కూడా రివిజనిస్టే రా."

సాయంత్రం ఓడరేవు దగ్గర బెంచీ మీద చేపా బంగాళాదుంప ముక్కలూ తిన్నాం. ఒక గద్ద వచ్చి నా చేతిలోంచి చేప ఎత్తుకుపోయింది. గద్ద కాదు, సముద్రపు కాకి. చేప కాదు, బంగాళాదుంప ముక్క. గ్రేస్ టీ తేవడానికి వెళ్లింది.

"భయంగా ఉందా అన్నా?" అని అడిగాను.

"ఉంది," అన్నాడు నీళ్లు చూస్తూ. "అందుకే ప్రార్థన వద్దంటున్నా. భయంలో పెట్టిన సంతకం చెల్లదురా."

నేను బంగాళాదుంప ముక్కల పొట్లం ఆయన వైపు జరిపాను.

శనివారం, న్యూ లిన్ హాలు

విమల డ్యూటీ దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సభ్యురాలు కాదు గనక కూర్చోలేదు.

రూతమ్మగారు తీర్మానం మళ్లీ చదివింది. అనుకూలురు చేతులెత్తారు. ఏడు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. ఇది కూడా అబద్ధం. నేను ఆలోచించే ఎత్తాను. విమల మొహం చూశాను, ప్రార్థన వల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాను, ఎత్తాను. ఎనిమిది. వ్యతిరేకులు ఏడు.

"తీర్మానం నెగ్గింది," అన్నాడు చలమయ్యన్న. పార్టీ క్రమశిక్షణ అంటే అదే. ఓడినవాడు మారు మాట్లాడకూడదు. "చివరి అంశం ఆత్మవిమర్శ. అది కాగానే తీర్మానం అమలు."

మినిట్స్ రాసి పెన్నుకి మూత పెట్టబోయాడు. మూత పడలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పింది. పెన్ను అలాగే బల్ల మీద పెట్టి చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు. ఓడరేవు దగ్గర ఆయనన్న మాట నాకు ఆ చేతుల్లో కనిపించింది.

నేను లేచాను.

"నాది చిన్న ఆత్మవిమర్శ," అన్నాను. "నేను జైల్లో పదకొండు నెలలు లేను. పదకొండు నిమిషాలున్నాను. ములాఖత్ గదిలో. అన్నకి గోంగూర పచ్చడి, బీడీ కట్టలు ఇచ్చి వచ్చేశాను. నేను పార్టీ సభ్యుణ్ని కూడా కాదు. పోస్టర్లు అంటించేటప్పుడు మైదాపిండి బకెట్టు మోసేవాణ్ని. నా ఓటు చెల్లదు."

"అరె! గదేంది సారూ," అన్నాడు యాదగిరి. "నా మటన్ తినేటప్పుడు పురుగుల సాంబారు కథ మళ్లా చెప్పినవ్ గద?"

"అది అన్న సాంబారు. ములాఖత్‌లో నాకు చెప్పాడు. నేను అరువు తెచ్చుకున్నాను."

రూతమ్మగారు అధ్యక్షుడి వైపు తిరిగింది. "మీకు తెలుసుగా అన్నయ్యగారూ? మరెందుకు ఊరుకున్నారు?"

"ఆత్మవిమర్శ ఎవరికి వాళ్లే చేసుకోవాలమ్మా. పక్కవాడు చేస్తే దాన్ని చాడీ అంటారు." మినిట్స్ పుస్తకం మళ్లీ తెరిచాడు. "ఇంతటితో ఆగితే నేనూ అబద్ధమాడినట్టే. సూత్రం కోసం ఊరుకోలేదు. వీడి ఓటు నాకు పడుతుందనుకుని ఊరుకున్నా. అది కూడా రాసుకోండి."

హాలు గొల్లుమంది. రాసుకోవాల్సింది ఆయనే గనక పెన్ను తీసి రాసుకున్నాడు.

ఇప్పుడు ఏడుకి ఏడు. నియమం ప్రకారం అధ్యక్షుడి ఓటుతో తేలాలి. ఆయన ఒక్క మాటతో తీర్మానాన్ని కొట్టెయ్యొచ్చు. వ్యతిరేకులు అప్పుడే కుర్చీల్లో వెనక్కి వాలారు.

"అధ్యక్షుడి గుండె మీద అధ్యక్షుడే ఓటెయ్యడం పద్ధతి కాదు," అన్నాడు. "సొంత ప్రయోజనం." కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి, నా పక్కన ఖాళీగా ఉన్న దాంట్లో కూర్చున్నాడు. "ఉపాధ్యక్షురాలు తేలుస్తారు."

నాలుగేళ్లలో ఆయన ఆ కుర్చీ వదలడం అదే మొదటిసారట. రూతమ్మగారు వెళ్లి అందులో కూర్చుంది. తీర్మానం ఆమెదే. ఓటూ ఆమెదే. యాదగిరి జేబులోంచి చాలీసా పుస్తకం తీసి సిద్ధంగా పట్టుకున్నాడు.

ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"నేను వ్యతిరేకంగా వేస్తున్నా," అంది.

"అమ్మా! గెలిసేటోళ్లం గద!"

"ఎవరి మీద గెలవడం యాదగిరీ? మంగళవారం ఆపరేషన్‌కెళ్లే మనిషి మీదా?" గొంతు సవరించుకుంది. "వృద్ధాశ్రమంలో మాకు మొదట నేర్పేది ఒకటే. స్నానం చేయించాలన్నా, దుప్పటి తియ్యాలన్నా, ముందు అడగాలి. 'చెయ్యొచ్చా' అని. మాట పడిపోయినవాళ్లని కూడా అడిగి, వాళ్ల కళ్లు చూసేదాన్ని. ఇక్కడ తీర్మానం రాశాం, ఓట్లు లెక్కపెట్టాం, బగారా అన్నాలు పెట్టాం. ఆయన్ని మాత్రం ఒక్కళ్లమూ అడగలేదు."

అంటూ ఆయన వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, అడుగుతున్నా. మీ కోసం ప్రార్థన చెయ్యొచ్చా?"

"ఇక్కడ వద్దమ్మా," అన్నాడు చలమయ్యన్న. "అడిగినందుకు... ఆ పుస్తకంలో రాయండి. కృతజ్ఞతలు."

నేను తలుపు వైపు చూశాను. విమల గోడకి ఆనుకుని, తల వంచుకుని నిలబడి ఉంది.

ఆస్పత్రి, మంగళవారం

ఆస్పత్రి వాళ్లు పొద్దున్నే రమ్మన్నారు. విమల ఆ రోజు నర్సు బట్టలు వేసుకోలేదు. నీలం చీర కట్టుకుని, స్వెట్టరు తొడుక్కుని వచ్చింది. మంచం మీద చలమయ్యన్న ఆస్పత్రి గౌనులో చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. తను దుప్పటి సర్దింది. సర్దిన దుప్పటినే మళ్లీ సర్దింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అడిగింది.

"నాన్నా, నీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకోవచ్చా?"

ఆయన పైకప్పు చూశాడు. "సంఘం తరఫునా?"

"కాదు. నేనే."

"ఎంతసేపు?"

"ఒక్క నిమిషం."

"అది నీ అర్జీ. నా సంతకం అక్కర్లేదుగా."

"అక్కర్లేదు నాన్నా."

"అయితే చేసుకో. నేను మాత్రం కళ్లు మూయను. ముందే చెప్తున్నా."

"మూయక్కర్లేదు."

ఆపరేషన్ బాగా జరిగింది. రెండో రోజుకి పదడుగుల కంటే ఎక్కువే నడిచాడు, ఏ గోడనీ పరిశీలించకుండా. అయిదో రోజు ఇంటికొచ్చి మినిట్స్ పుస్తకం తెప్పించుకుని, ఆ శనివారం నుంచీ ఆ కుర్చీలోనే ఉండిపోయిన కొత్త అధ్యక్షురాలు రూతమ్మ రాసిన మొదటి పేజీలోనే మూడు తప్పులు పట్టాడు. వచ్చిన ప్రతి వాళ్లకీ ఒకటే చెప్పేవాడు: "అమ్మాయి అడిగింది, చేసుకోమన్నా. నేను మాత్రం చివరిదాకా కళ్లు తెరుచుకునే ఉన్నా. కావాలంటే సాంబయ్యని అడగండి, పక్కనే ఉన్నాడు."

అడిగారు. రూతమ్మగారు అడిగింది, యాదగిరి అడిగాడు, గ్రేస్ ఫోనులో అడిగింది. తెరిచే ఉన్నాడని అందరికీ చెప్పాను. జీవితంలో ఇంత నిక్కచ్చిగా నేను ఏ మాటకీ కట్టుబడి లేను.

మీరు అంత దూరం వెళ్లి ఆయన్ని అడిగేవాళ్లు కాదు గనక మీకు చెబుతున్నాను. విమల వేళ్లు ఆయన నెరిసిన జుట్టులోకి వెళ్లగానే కళ్లు మూశాడు. తను ఆమెన్ అన్న తర్వాత కూడా కాసేపు తెరవలేదు. మత్తుమందు ఇవ్వడానికి అప్పటికి ఇంకా ఇరవై నిమిషాల టైముంది.